పాత మారుతి 800కి ఏ ఇంజిన్ ఆయిల్ పోయించాలి?

1998 మోడల్ మారుతి 800, లక్ష కిలోమీటర్లు దాటింది, 5డబ్ల్యూ30 సింథటిక్ పోయించమంటున్నారు, పోయించనా అని అడిగారు. వద్దండీ. మన ఎండలకు, ఆ కార్బొరేటర్ బండికి 20డబ్ల్యూ40 మినరల్ ఆయిలే, అంటే సింథటిక్ కాని మామూలు ఆయిలే సరైనది. ఖరీదైనది పోసినంత మాత్రాన ఇలాంటి పాత ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుందనుకోకండి.

మా నాన్నగారిదీ అదే బండి. ఒక ఎండాకాలం మార్కాపురం నుంచి శ్రీశైలం బయల్దేరాం. అంతకుముందే ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు ‘లేటెస్ట్ ఆయిల్ సార్, మైలేజీ పెరుగుతుంది’ అంటూ పల్చటిది పోసి పంపారు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ముందు లారీ ఒకటి ఆగిపోయి ట్రాఫిక్ నిలిచింది. న్యూట్రల్‌లో పెట్టామో లేదో, ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగే ఎర్రటి లైటు మినుకుమినుకుమంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోతుంది, కాలు తీస్తే మళ్లీ వెలుగుతుంది. నాన్న వెంటనే ఇంజిన్ ఆపేశారు. కాసేపాగి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాకా ఉంది! ఉండాల్సినంత ఉంది, కానీ వేడికి నీళ్లలా జారుతోంది. అరిగిన బేరింగుల సందుల్లోంచి అలా కారిపోతుంటే ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఆయిల్ పంపు ప్రెషర్ ఎక్కడ నిలబెడుతుంది? వెనక్కి దోర్నాల వచ్చి, అది దింపించి 20డబ్ల్యూ40 పోయించాం. అదే ఘాట్, అదే ఎండ, లైటు మళ్లీ వెలగలేదు.

డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసేవాళ్ల కోసం. మంచు కురిసే ఊళ్లలో 0, 5 కావాలి గానీ, కర్నూలు మే నెలలో మనకెందుకు? ఆ తర్వాతి అంకె చూసుకోండి, వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పేది అదే.

ఇంకోటి, ఖాళీ డబ్బా మెకానిక్ దగ్గర వదిలెయ్యకండి. మూత పగలగొట్టి, డబ్బాకి చిల్లు పెట్టి మరీ పారెయ్యండి. అందులోనే వాడేసిన ఆయిల్ వడకట్టి నింపి అమ్మేవాళ్లున్నారు. ఇంజిన్‌కి మంచిదంటూ పెట్రోల్ బంకుల్లో అంటగట్టే చిన్న అడిటివ్ సీసాలూ కొనకండి, ఆ డబ్బుతో కొత్త ఫిల్టర్ వేయించుకోవచ్చు.

పొగ వస్తోందని ఇంకా చిక్కటి 20డబ్ల్యూ50 పోయమనేవాళ్లూ తగులుతారు, ముందు కారణం చూసుకోండి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలంగా వచ్చి ఆగిపోతే చాలాసార్లు వాల్వ్ సీల్సే కారణం, అవి మార్పిస్తే చాలు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే అది అరిగిన పిస్టన్ రింగుల పని. మీ బండికీ పొగ వస్తుంటే ఎప్పుడు వస్తోందో రాయండి, దాన్నిబట్టి చెబుతాను.