షికార్లు మానేస్తే ఇంటి లోన్ తీరుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఆరు నెలల కిందట ఊరి చివర ఒక వెంచర్‌లో ఇల్లు కొనుక్కుని వచ్చాం. లోన్ 25 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం ఫ్లోటింగ్ వడ్డీ, ఈఎంఐ రూ.21,695. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, కలిపి చేతికి 78 వేలు వస్తాయి. బాబుకు పన్నెండేళ్లు, పాపకు ఎనిమిది. అత్తయ్య మాతోనే ఉంటారు. ఆదివారాలు మైపాడు బీచ్, జొన్నవాడ గుడి, అప్పుడప్పుడు సినిమా, మాల్... వీటికి నెలకు 11,400 అవుతోంది. ఇవన్నీ ఆపేస్తే లోన్ తొందరగా తీరుతుందంటారు మావారు. ఊరికి ఇంత దూరం వచ్చింది పిల్లలతో హాయిగా ఉందామనే కదా అంటాను నేను. పైగా అందరం కలిసి వెళ్లడానికి 7 లక్షల లోన్‌తో కారు కొందామని కూడా ఆయనే అంటున్నారు. కాలనీలో నెలకు 5 వేల చీటీ కడుతున్నా, వచ్చే మార్చితో అయిపోతుంది, లక్ష వస్తుంది. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. మా ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?
- ఓ పాఠకురాలు

జవాబు: లోన్ విషయంలో మీవారి లెక్కకు వంక పెట్టలేం. ఈఎంఐకి తోడు నెలకు 4 వేలు అసలుకు కడుతూ పోతే, ఈ వడ్డీ ఇలాగే ఉంటే, 20 ఏళ్ల లోన్ 14 ఏళ్లు నిండకముందే తీరిపోతుంది. వడ్డీ రూపంలో 9 లక్షలకు పైగా మిగులుతుంది. లోన్ కొత్తగా ఉన్నప్పుడు ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది కాబట్టి ముందు కట్టిన రూపాయికే బలం ఎక్కువ. ఆయన తొందరను చాదస్తమని తీసిపారేయకండి.

నాకు పేచీ ఉన్నది ఆ 4 వేలు ఎక్కడి నుంచి తేవాలన్న దగ్గరే. మీరు ప్రశ్నతో పాటు పోయిన నెల ఖర్చులు రాసి పంపారు చూడండి, దాంట్లోనే జవాబు ఉంది. బైక్, స్కూటీ పెట్రోల్ 900. బీచ్ దగ్గర, దారిలో టిఫిన్లు 1,300. గుడికి 700. ఒక సినిమా 1,850, అందులో సగానికి పైగా ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్‌కే అయిందని మీరే రాశారు. ఇవన్నీ కలిపితే 4,750. మిగతా 6,650 ఏమిటి? ఇంటికి ఆర్డర్ చేసుకున్న తిండి 3,900, మాల్‌లో కొన్న బట్టలూ బొమ్మలూ 2,750. వీటిని షికార్ల పద్దులో వేసిందెవరో నాకు తెలియదు గానీ, ఇంట్లో సోఫాలో కూర్చుని తెప్పించుకున్న బిర్యానీ షికారెలా అవుతుంది?

ఆ ఆర్డర్ల తేదీలు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. చాలావరకు ఆదివారం రాత్రులే. బీచ్ నుంచి ఇసుక కాళ్లతో ఎనిమిదింటికి ఇల్లు చేరతారు, పిల్లలు ఆకలని గోల, పొయ్యి దగ్గరకు వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు, చేతిలో ఫోన్ ఉంటుంది. ఊరి చివర కాబట్టి డెలివరీ చార్జీ కూడా ఎక్కువే పడుతుంది. దీనికి ఆర్థిక నిపుణుడు అక్కర్లేదు, నెల్లూరులో పుట్టినవాళ్లకు నేను చెప్పాల్సిన పనీ లేదు: చేపల పులుసు పెట్టిన రోజు కంటే మర్నాడే రుచి. శనివారం సాయంత్రం మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టేసుకుంటే, ఆదివారం రాత్రి కుక్కర్‌లో అన్నం పడేస్తే చాలు. కుక్కర్ పని మీవారిది. పొదుపు చేద్దామన్నది ఆయనే కదా! చేపలు లేని వారం ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉన్నా సరిపోతుంది. ఆర్డర్లు పూర్తిగా మానేయమనను, స్కూల్ నుంచి నీరసంగా వచ్చిన రోజున ఒకటో రెండో తప్పవు. నెలకు 1,400 దానికి వదిలేద్దాం.

ఇక కారు. 7 లక్షలు, ఏడేళ్లు, 9.5 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ సుమారు 11,440. మీరు పంపిన షికార్ల బిల్లు ఎంతో కారు ఈఎంఐ కూడా అంతే! షికార్లు ఆపి ఆ డబ్బుతో షికార్లకు కారు కొనడమన్నమాట. రెండు ఈఎంఐలు కలిస్తే మీ జీతాల్లో 42 శాతం దాటుతుంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పెట్రోల్ వేరే. వారంలో ఆరు రోజులు వాకిట్లో ఎండకు ఎండే బండికి ఇంత పెట్టొద్దు. ఇంటి లోన్ సగానికి వచ్చాక మళ్లీ ఆలోచించండి.

కారు అవసరమనిపించేది అత్తయ్యగారి కోసమే అని నాకనిపిస్తోంది. జొన్నవాడ కామాక్షమ్మ దగ్గరకు వెళ్లొస్తే ఆవిడ వారమంతా హుషారుగా ఉంటారని రాశారు, స్కూటీ వెనక కూర్చుంటే మాత్రం నడుం నొప్పి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అంటే మీ ఐదుగురిలో డబ్బు పెట్టాల్సింది మీవారికీ బాబుకే. రద్దీ లేని పూట చూసుకుని బయల్దేరండి. కాలనీ నుంచి బస్టాండ్ దాకా ఆటో కట్టుకున్నా సరే, కారు ఈఎంఐ ముందు అది లెక్కలోకి రాదు. పెంచలకోన లాంటి దూరాలకు ఏడాదికి రెండుసార్లు డ్రైవర్‌తో కారు అద్దెకు మాట్లాడుకోండి.

మీరు ప్రశ్నలో రాయలేదు గానీ, మీ ఊరికి ఉన్న అదృష్టం చాలా ఊళ్లకు లేదు. రైలెక్కితే సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి ఇస్రో 2019లో గ్యాలరీ తెరిచింది. ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, టికెట్ లేదు. పన్నెండేళ్ల కుర్రాడికి మాల్‌లో కొనిచ్చే ఏ బొమ్మా దీనికి సాటి రాదు. ప్రయోగాలు వాయిదా పడటం మామూలే కాబట్టి డబ్బు వెనక్కి రాని బుకింగ్‌లు మాత్రం పెట్టుకోవద్దు. చలికాలంలో అయితే శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యగా వెళ్లే ఆ రోడ్డు పక్కనే ఫ్లెమింగోలు కనిపిస్తాయి, నేలపట్టులో గూడబాతులు పిల్లలను పెంచుతుంటాయి.

సరే, లెక్కకు వద్దాం. జీతం పడిన రోజే 5 వేలు వేరే అకౌంట్‌కు పంపి, షికార్ల యూపీఐ దానికే పెట్టుకోండి. సినిమా, మైపాడు, జొన్నవాడ, మాల్ అన్నీ అందులోనే. అయిపోతే ఆ నెలకు కాలనీ పార్కే. మిగిలితే పెంచలకోన కారుకు దాచండి. ఈ 5 వేల గురించి మీవారు మిమ్మల్ని ప్రశ్నించకూడదు, మీరు ఆయనకు సంజాయిషీ చెప్పకూడదు. ఆర్డర్లకు వదిలిన 1,400 పోను ఇంకా 5 వేలు మిగులుతాయి.

ఆ 5 వేలు వెంటనే లోన్‌లో పోయొద్దు. చేతిలో ఉన్నది 40 వేలే. పెద్దావిడ ఉన్న ఇంట్లో ఒక్కసారి ఆస్పత్రిలో చేరితే అది ఏమూలకు సరిపోతుంది? లోన్‌లో కట్టేసిన డబ్బును అవసరానికి వెనక్కి తెచ్చుకోవడం తేలిక కాదు. అందుకని మూడు నెలల ఇంటి ఖర్చు, మీ లెక్కన లక్షన్నర, ముందు పక్కన పెట్టండి. మార్చిలో వచ్చే చీటీ డబ్బు, ఈలోపు కూడే 5 వేలు కలిస్తే అక్కడికి చేరుకుంటారు. రిజిస్టర్ కాని చీటీ అయితే ఇది అయిపోగానే మానేయండి, నడిపే ఆవిడ ఎంత మంచిదైనా సరే. నెల్లూరు వాళ్లకు ఇంకో ఖర్చుంది: రొట్టెల పండగ. మొహర్రం వచ్చిందంటే బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు వెళ్లే బంధువులంతా మీ ఇంట్లోనే దిగుతారు. వెళ్లేటప్పుడు మలై కాజాలు కట్టివ్వకుండా పంపలేరు. కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టెను అదే కోరిక ఉన్నవాళ్లు అందుకునే ఆ చెరువులో సొంతింటి రొట్టె ఇచ్చేవాళ్లున్నారు గానీ ఈఎంఐ రొట్టె ఇచ్చేవాళ్లు ఇంకా రాలేదు, కాబట్టి ఆ నెల ఖర్చును ముందే అనుకుని ఉంచండి.

చీటీ అయ్యాక నెలకు 10 వేలు చేతిలో ఆడతాయి. అందులో 4 వేలు లోన్‌కు, మీవారి కోరిక అక్కడ తీరుతుంది. 2 వేలు పాప పేరున సుకన్య సమృద్ధిలో వేయండి. పదేళ్లు నిండేలోపే ఖాతా తెరవాలి కాబట్టి మార్చి దాకా ఆగక్కర్లేదు, ఏడాదికి 250తో అయినా ఇప్పుడే పోస్టాఫీసులో మొదలుపెట్టొచ్చు. ప్రస్తుతం వడ్డీ 8.2 శాతం. ఇంకో 2 వేలు అత్తయ్యగారి మందులకు, పండగలకు. మిగిలినదాంట్లో మీ ఇద్దరికీ టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మనిషికి ఏమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే పాలసీ, చూడండి. మీరు పంపిన వివరాల్లో దాని ఊసే లేదు. 25 లక్షల లోన్ ఉన్న ఇంట్లో అది షికార్ల కంటే, కారు కంటే ముందు మాట్లాడుకోవాల్సింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

లోన్‌కు అదనంగా కట్టడం మొదలుపెట్టే రోజు బ్యాంకుకు కాగితం రాసివ్వండి: ఈఎంఐ ఇలాగే ఉంచి గడువు తగ్గించమని. ఏమీ చెప్పకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించి గడువు అలాగే ఉంచేస్తారు, అప్పుడు పైన చెప్పిన ఆరేళ్లు కలిసిరావు. మీది ఫ్లోటింగ్ వడ్డీ కాబట్టి ముందుగా కట్టినందుకు చార్జీ అడగకూడదు. అడిగితే కట్టొద్దు.