గోడౌన్‌లో సరుకు తడిసింది... తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: చెన్నై ఆండర్సన్ స్ట్రీట్‌లో మాది నోటుపుస్తకాల హోల్‌సేల్ షాపు. చోటు చాలక మాధవరంలో ఒక గోడౌన్‌లో పెట్టెకు నెలకు ఇంత అని మాట్లాడుకుని సరుకు పెడుతున్నాం. మొన్న డిసెంబరు వానకు నీళ్లొచ్చి 340 పెట్టెలు తడిశాయి. లెక్క చూస్తే ఇంకో 22 పెట్టెలు అసలు కనబడటం లేదు. అడిగితే "వాన దేవుడి పని, రసీదు వెనక ఓనర్స్ రిస్క్, అంటే నష్టం సరుకు సొంతదారుదే అని అచ్చేసి ఉంది చూసుకోండి" అంటున్నారు. పైగా రెండు నెలల బాకీ కడితేగానీ మిగతా సరుకు బయటికి పంపరట. మనం కట్టేది అద్దే కాబట్టి నష్టం మనదేనని మా బావగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మీ బావగారి మాట కొన్ని గోడౌన్ల విషయంలో నిజమే. మీ విషయంలో నిజమో కాదో తేలాలంటే ముందు ఒకటి చూడాలి. షట్టరు తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది?

ఒక గది అద్దెకు తీసుకుని, మీ తాళం మీరు వేసుకుని, మీ మనుషులతోనే ఎత్తించి దింపించుకుంటే అది అద్దె. కట్టడం బాగోగులు ఓనరువి, లోపలి సరుకు మీది. మీ పూర్తి ఉత్తరం చూస్తే అలా లేదు. లారీ వస్తే వాళ్ల మనుషులే దింపుతున్నారు, వాళ్ల రిజిస్టరులో ఎక్కిస్తున్నారు, రసీదు ఇస్తున్నారు. మీ పెట్టె మీరు తీసుకోవాలన్నా వాళ్ల గేట్ పాస్ కావాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ దీన్నే బెయిల్‌మెంట్ అంటుంది. మన మాటల్లో అప్పగింత. బిల్లు మీద 'రెంట్' అని రాసుకున్నంత మాత్రాన అది అద్దె అయిపోదు.

అప్పగింత అని తేలితే 151వ సెక్షన్ వస్తుంది. అంత సరుకు, అంత విలువైనది, తన సొంతమే అయితే మామూలు బుద్ధిమంతుడు ఎంత జాగ్రత్త పడతాడో, గోడౌన్ వాళ్లు మీ సరుకు విషయంలో అంత జాగ్రత్త పడాలి. ఆ జాగ్రత్త పడ్డాక కూడా నష్టం జరిగితే, ప్రత్యేక ఒప్పందం ఏదీ లేనప్పుడు, వాళ్ల బాధ్యత లేదని 152 చెబుతుంది. కాబట్టి "దేవుడి పని" అన్న మాట తీసిపారేసేది కాదు. ఎంత చేసినా ఆగని వరద అయితే వాళ్లు గెలవవచ్చు కూడా.

కానీ ఇది చెన్నై. 2015 డిసెంబరు చూశాం, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చూశాం. ఈ ఊళ్లో ఈశాన్య రుతుపవనాల వానకు ఆశ్చర్యపోయానని గోడౌన్ నడిపే మనిషి అంటే జడ్జిగారు నమ్మాలి కదా! అందుకే సరుకు కదపకముందే ఒకసారి వెళ్లి ఫోన్‌తో ఫొటోలు తీయండి. గోడ మీద బురద గీత నేల నుంచి ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి మరీ తీయండి. పెట్టెల కింద చెక్క ప్యాలెట్లు ఉన్నాయా, నేరుగా సిమెంటు మీదే పేర్చారా చూడండి. అడుగు వరస పెట్టెలు ఉబ్బి, పై వరసలు పొడిగా ఉండి, బురద గీత జానెడు ఎత్తులోనే ఉంటే మీ కేసు సగం అక్కడే ఉంది. జానెడు నీళ్లకు తడిసే చోట కాగితం నేల మీద పెట్టడం జాగ్రత్త అనిపించుకోదు. జాగ్రత్త పడ్డామని చూపించాల్సిన భారం కూడా వాళ్లదే. సరుకు వాళ్ల చేతిలో ఉండగా ఏం జరిగిందో మీకెలా తెలుస్తుంది?

22 పెట్టెల సంగతి వేరు. వాన పెట్టెలను తడుపుతుంది, మాయం చేయదు. ఆ లెక్క వాళ్లే చెప్పాలి. గోడౌన్ నడిపేవారు నమ్మి అప్పగించిన సొత్తు కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. అలాగని ఇవాళే స్టేషన్‌కు పరుగెత్తకండి. దురుద్దేశం రుజువు కావాలి, లెక్క తప్పితే అది నేరం కాదు. ముందు ఇన్‌వర్డ్ రిజిస్టరు, స్టాక్ కార్డుల కాపీలు రాతపూర్వకంగా అడగండి.

ఇక ఓనర్స్ రిస్క్. రసీదు వెనక చీమలబారు అక్షరాల్లో అచ్చేసింది చాలామంది చదవరు, కోర్టులకూ ఆ సంగతి తెలుసు. పోయిన బట్టకు విలువలో 15 శాతమే ఇస్తామని లాండ్రీ రసీదు వెనక అచ్చేసుకున్న షరతు చెల్లదని మన మద్రాసు హైకోర్టే 1960లలో చెప్పింది. మీకు ఇంకా దగ్గరగా వచ్చేది 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఢిల్లీలో ఒక అతిథి కారు తాళంచెవి హోటల్ మనిషి చేతికిచ్చి లోపలికి వెళ్లాడు, కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద ఓనర్స్ రిస్క్ అని ఉంది. అయినా సొంత నిర్లక్ష్యానికి ఆ చీటీ అడ్డం పెట్టుకోవడం కుదరదంది కోర్టు. తాజ్ మహల్ హోటల్ కేసు అంటే మీ వకీలుకు తెలుస్తుంది. బెయిలీ, అంటే సరుకు అప్పగించుకున్నవాడు, తన బాధ్యతను ఒప్పందంతో ఎంతవరకు తగ్గించుకోవచ్చనే దాని మీద హైకోర్టుల తీర్పులన్నీ ఒకే దారిలో లేవు, కానీ నిర్లక్ష్యం రుజువైతే మీది బలమైన పక్షం.

బాకీ కోసం సరుకు ఆపడం గురించి. పాత బాకీల కోసం చేతిలో ఉన్న సరుకు పట్టి ఉంచే హక్కును 171వ సెక్షన్ బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు (సరుకు దగ్గరుంచుకుని అమ్మిపెట్టే ఏజెంట్లు), రేవు గిడ్డంగుల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లకే ఇచ్చింది. మామూలు గోడౌన్‌కు లేదు, మీరు సంతకం చేసిన ఒప్పందంలో రాసుంటే తప్ప. 2007 వేర్‌హౌసింగ్ చట్టం కింద రిజిస్టరైన గిడ్డంగి అయితే ఆ చట్టమే లీన్, అంటే బాకీ కోసం సరుకు పట్టి ఉంచే హక్కు ఇస్తుంది, కాబట్టి రిజిస్ట్రేషన్ ఉందేమో కనుక్కోండి. హక్కు లేకుండా ఆపితే, అడిగినా ఇవ్వని రోజు నుంచి ఆ సరుకుకు ఏమైనా 161వ సెక్షన్ ప్రకారం వాళ్లదే పూచీ. అందుకే నోటి మాట చాలదు. సరుకు ఇవ్వమని స్పీడ్ పోస్టులో తేదీతో అడగండి. స్కూళ్ల సీజన్ దగ్గర పడితే మాత్రం పంతానికి పోకండి. "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి బాకీ కట్టేసి పొడి సరుకు తెచ్చుకోండి. ఆ డబ్బు గురించి తర్వాత మాట్లాడవచ్చు.

మీకు ఇన్సూరెన్స్ ఉంటే ఇవాళే కబురు చేయండి, పాలసీలో మాధవరం అడ్రసు ఉందో లేదో చూసుకోండి. షాపు అడ్రసు మాత్రమే ఉన్న పాలసీలు చాలా చూశాను. సర్వేయరు చూసేదాకా తడిసిన పుస్తకాలు పారేయవద్దు. గోడౌన్ వాళ్లు కొంత ఇస్తామని 'ఫుల్ అండ్ ఫైనల్' కాగితం చేతిలో పెడితే, ఇన్సూరెన్స్ కంపెనీని అడగకుండా సంతకం చేయకండి. మీకు చెల్లించాక గోడౌన్ మీద దావా వేసే హక్కు వాళ్లకు వస్తుంది, దాన్ని మీరు ముందే వదిలేస్తే క్లెయిమ్‌కే ఎసరు. పోయిన, పాడైన సరుకు మీద జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు సర్దుబాటు) తీసుకుని ఉంటే అది వెనక్కి కట్టాల్సి ఉంటుంది, ఆడిటరుకు చెప్పండి.

నష్టం 3 లక్షలకు తగ్గకపోతే అది కమర్షియల్ కోర్టు దావా. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. గడువు మూడేళ్లు.

మీరు రసీదు ముందు వైపు మాత్రమే పంపారు. వెనక వైపు, మొదట్లో సంతకం చేసిన కాగితం ఏదైనా ఉంటే అదీ పంపండి. లీన్ గురించి అందులో ఒక్క వాక్యం ఉన్నా పైన చెప్పింది కొంత మారుతుంది.