సువాలో ఉద్యోగం వచ్చింది, అక్కడే స్థిరపడొచ్చా?

ప్రశ్న: అన్నయ్యా, ఫిజీ రాజధాని సువాలో నీటి సరఫరా పనులకి సివిల్ ఇంజనీరుగా మూడేళ్ల కాంట్రాక్టు వచ్చింది. ఇంటర్వ్యూలో "మా జాతీయ అభివృద్ధి ప్రణాళిక చూశారా?" అని అడిగితే నీళ్లు నమిలాను. అంత చిన్న దేశానికి అంత పెద్ద ప్రణాళిక ఎందుకండీ? నచ్చితే ఓ స్థలం కొనుక్కుని ఉండిపోవచ్చా? – కాకినాడ నుంచి ఓ తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ముందు స్థలం సంగతి తేలుద్దాం. మొదటి ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

స్థలం ఆలోచన విమానం ఎక్కకముందే మానుకో. ఇక్కడి నేలలో దాదాపు 87 శాతం ఇతౌకేయిలది, అంటే ఈ దీవుల మూలవాసులది. వంశాల ఉమ్మడి ఆస్తి కాబట్టి అమ్మడం కుదరదు. ఇతౌకేయి ల్యాండ్ ట్రస్ట్ బోర్డు ద్వారా లీజుకిస్తారు. కొనుక్కోగలిగే ఫ్రీహోల్డు భూమి పదో వంతు కూడా లేదు. అందులోనూ పట్టణ హద్దుల్లోని ఇళ్ల స్థలాలు పౌరులు కానివాళ్లు కొనకూడదని 2014లో చట్టం సవరించారు. తమాషా ఏంటంటే, అదే ఏడాది కిరిబాస్ అనే పొరుగు దేశం ఇక్కడి వనువా లేవు దీవిలో ఐదు వేల ఎకరాలకి పైగా ఫ్రీహోల్డు కొనేసింది. సముద్రం తమ దీవుల్ని మింగితే ఓ దారి ఉండాలి కదా! దేశాలకి దొరికింది గానీ నీకూ నాకూ దొరకదు.

ఇక ఈ లీజుల కథ నీ ఉద్యోగం దాకా వస్తుంది, చూడు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద పనికి, వచ్చిన వాళ్లలో మన గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల వాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు కౌలు భూముల్లో చెరుకు వేశారు. 1976 చట్టం ప్రకారం లీజు ముప్పై ఏళ్లు. 1997 నుంచి గడువులు తీరడం మొదలైంది. కొందరికి పొడిగించారు, చాలామందికి పొడిగించలేదు. అలా పొలం వదిలినవాళ్లు సువా, నౌసోరి మధ్య గుడిసెలు వేసుకున్నారు. పైపులు, డ్రైనేజీ ఏమీ లేని ఆ బస్తీలకి నీళ్లివ్వడం ఏ ప్రణాళికలోనైనా ఉండి తీరాల్సిన పద్దు. నువ్వు వేయబోయే లైను ఆ చెరుకు తోటల్లోనే మొదలైందనుకో.

ఇప్పుడు ప్రణాళిక. జనం మొత్తం తొమ్మిది లక్షలు, మీ కాకినాడ జిల్లాలో సగం కూడా లేరు. కానీ వాళ్లు నూటికి పైగా దీవుల్లో పరుచుకుని ఉన్నారు. ఒక్కో దీవికీ ఒక జెట్టీ, బడి, నర్సు, అక్కడికో పడవ. తలసరి ఖర్చు లెక్క వేస్తే మన జిల్లా కలెక్టరుకి కళ్లు తిరుగుతాయి. పెద్ద దేశంలో ఒక రాష్ట్రం తప్పు చేస్తే ఇంకో రాష్ట్రం మోస్తుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, అందుకే ఇరవై ఏళ్ల ముందుచూపు.

అయినా ముందుచూపుకీ హద్దుంది. 2017లో జర్మనీలోని బాన్ నగరంలో వాతావరణ సదస్సుకి అధ్యక్షత వహిస్తూ ఫిజీ తన ఐదేళ్ల, ఇరవై ఏళ్ల ప్రణాళిక విడుదల చేసింది. మూడేళ్లు తిరిగేసరికి కొవిడ్. పర్యాటకం మీద బతికే దేశానికి విమానాలు ఆగిపోతే ఇంకేముంది, 2020 ఒక్క ఏడాదిలో ఆర్థిక వ్యవస్థ 17 శాతం కుంగింది. 2022 చివర్లో ప్రభుత్వం మారింది. 2024లో కొత్త ప్రణాళిక వచ్చింది: 2025 నుంచి 2029 దాకా ఐదేళ్లకి, దానితోపాటు 2050 దాకా ఒక దార్శనిక పత్రం. నువ్వు చదవాల్సింది ఇదే, పాతది కాదు. చదివేటప్పుడు పక్కన బడ్జెట్టు కూడా పెట్టుకో. ఇక్కడ ఆర్థిక సంవత్సరం ఆగస్టు 1న మొదలవుతుంది. ప్రణాళిక శుభలేఖ లాంటిది, వంటవాడికి అడ్వాన్సు ఇచ్చారో లేదో బడ్జెట్టులోనే తెలుస్తుంది.

"సుస్థిర" అన్న మాట అందులో అడుగడుగునా కనిపిస్తుంది. పుస్తకంలో చదివితే నాకూ విసుగే. 2016 ఫిబ్రవరి 20న దాని అర్థం తెలిసింది. ఆ రోజు విన్‌స్టన్ తుపాను వచ్చింది, ఐదో కేటగిరీ. 44 మంది పోయారు. మేం అప్పట్లో 'బా' పట్టణంలో ఉండేవాళ్లం. స్నానాలగదిలో పరుపు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం, పక్కింటి రేకులు మా మామిడి చెట్టులో తేలాయి. రాకిరాకిలో చెరుకు మిల్లు దెబ్బతిని మళ్లీ తెరవలేదు. కొత్త బడి కట్టాల్సిన డబ్బంతా పాత బడికి కప్పు వేయడానికి పోయింది. కట్టిందే మళ్లీ కట్టుకుంటూ పోతే ముందుకెళ్లేది ఎప్పుడు? నీ డిజైన్‌లో పంపుహౌసు ఎంత ఎత్తున పెట్టావు అన్నది అందుకే అడుగుతారు.

సముద్రం వెంట పడితే ఊరే లేచిపోవాలి. వునిదొంగొలోవా గ్రామాన్ని 2014లో సుమారు రెండు కిలోమీటర్లు లోపలికి జరిపారు. అది కుదిరింది కూడా ఎందుకంటే, ఆ కొండవాలు ఆ ఊరివాళ్లదే. లీజు మీద బతికేవాళ్ల వాడకి ముంపొస్తే ఎవరి నేల మీదికి జరుపుతారు? ప్రణాళికలో నాకు సరైన జవాబు దొరకని చోటు ఇదొక్కటే, పదహారేళ్లుగా.

నిన్నెందుకు పిలిచారో కూడా తెలుసుకో. ఇక్కడి నర్సులు, ఎలక్ట్రీషియన్లు, ఇంజనీర్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లిపోతున్నారు. వాళ్లు పంపే డబ్బు ఏటా వంద కోట్ల ఫిజీ డాలర్లు దాటింది. డబ్బొస్తోంది గానీ పని చేసే చేతులు తగ్గుతున్నాయి. కాబట్టి నీ కింద చేరే కుర్రాళ్లకి పని నేర్పు, దాచుకోకు. కొంతమంది మనవాళ్లు అలా దాచుకునే పేరు చెడగొట్టుకున్నారు.

పైపు ఏ ఊరి నేల మీదుగా వెళ్లినా ముందు వాళ్ల ఒప్పుకోలు కావాలి. యాంగోనా (కావా పానీయం చేసే మొక్క) వేళ్ల కట్ట తీసుకెళ్లి, టోపీ తీసి, చాప మీద కూర్చుని పెద్దకి సమర్పించాలి. దీన్ని సెవుసెవు అంటారు. పూట గడిచిపోతుంది, వాచీ చూసుకోకు. ఇక్కడి నాయుళ్లు, రెడ్లు ఫిజీ హిందీ మాట్లాడితే "మీకు తెలుగు రాదా?" అని మాత్రం అడగకు. 1941లోనే దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నవాళ్లు వాళ్లు.

తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. వీలైతే మేలో చేరు. అద్దె ఇల్లు చూసేటప్పుడు కిటికీలకి షట్టర్లు, పెరట్లో నీళ్ల ట్యాంకు ఉన్నాయా అని చూడు. నీటి సరఫరా ఇంజనీరు బిందె పట్టుకుని పక్కింటికెళ్తే వీధంతా నవ్వుతుంది. నేను నవ్వించాను.