పశువులకు వేసే నొప్పుల సూదికి, రాబందులు కనుమరుగు కావడానికి సంబంధం ఉందా?

చిన్నప్పుడు ఊరి బయట చచ్చిన గొడ్డు మీద వాలే రాబందులు ఇప్పుడు ఒక్కటీ కనిపించడం లేదని, పశువుల మందులే అందుకు కారణమని విన్నానని, అది నిజమేనా అని మీరు అడిగారు. నిజమే. ఆ మందు డైక్లోఫినాక్.

ఈ సూది వేసిన పశువు ఒకటి రెండు రోజుల్లో చనిపోతే, మందు దాని కాలేయంలో, మూత్రపిండాల్లో ఇంకా మిగిలే ఉంటుంది. దానిని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి, లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుని, కొద్ది రోజుల్లోనే ఆ పక్షి ప్రాణం పోతుంది. పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో 2004లో ఈ సంగతి బయటపడింది. రాబందులు ఒక్క కళేబరం మీద గుంపుగా వాలుతాయి, ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. అందువల్ల నూరు కళేబరాల్లో ఒక్కదానిలో మందు ఉన్నా వాటి సంతతి నిలవదు.

మాది వరంగల్ దగ్గరి పల్లె. 2013లో మా బర్రెకు ముందుకాలు వాచి లేవలేకపోతే, ఊళ్లో సూదులు వేసే ఆయన ఒక బుడ్డి తెచ్చి రెండు రోజులు వేశారు. మూడో రోజు తెల్లవారేసరికి అది చనిపోయింది. తీసుకెళ్లి చెరువు శిఖంలో పడేశాము. తరువాత కొట్టంలో గడ్డి కింద దొరికిన ఖాళీ బుడ్డిని తుడిచి చదివితే, అది మనుషుల కోసం తయారైన 30 మిల్లీలీటర్ల డైక్లోఫినాక్. పశువుల కోసం ఆ మందు తయారు చేయడాన్ని కేంద్రం 2006లోనే ఆపించినా, మనుషుల మందు పెద్ద బుడ్డి దొడ్డిదారిన కొట్టాల్లోకి చేరుతూనే ఉండేది. అందుకే 2015లో మనుషుల సూదిమందును కూడా 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు బుడ్డికే పరిమితం చేశారు. మా బర్రె దగ్గరికి కుక్కలు మాత్రమే వచ్చాయి. రాబందులు అప్పటికే లేవు గనుక మా తప్పు వాటిని చంపలేదు, అంతే. అవి ఉన్నచోట ఇదే తప్పు చంపింది.

కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టాయి. అటువైపు పశువులున్న వారు మరింత జాగ్రత్తగా ఉండాలని నా మనవి.

పశువుకు నొప్పి తగ్గించక తప్పదు, అది మానమని నేను అనను. మెలాక్సికామ్ వేయమని డాక్టరును అడగండి. అది రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫినాక్‌లను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు కాబట్టి, ఎవరైనా అవి తెస్తే వద్దని చెప్పండి. సూది పడిన పశువు చనిపోతే బయట పడేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ఏ రోజు ఏ మందు వేశారో మా కొట్టం గుంజ మీద సుద్దతో రాసి ఉంచుతున్నాము. గొడ్డు చనిపోతే ముందుగా ఆ రాత చూసిన తరువాతే దానిని కదుపుతాము.