ట్రైనింగ్ కాలేజీకి వెళ్తే మా అమ్మాయి లూప్‌లైన్‌లో పడిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎస్సై. ఏడేళ్లుగా లా అండ్ ఆర్డర్‌లోనే ఉంది. ఇప్పుడు కొత్త కానిస్టేబుళ్లకు పాఠాలు చెప్పడానికి పోలీసు శిక్షణ కళాశాలకు వెళ్తానని సమ్మతి ఇవ్వబోతోంది. అది లూప్‌లైన్, అంటే ప్రాధాన్యం లేని పక్క పోస్టనీ, ఒకసారి వెళ్తే మళ్లీ స్టేషన్ దక్కదనీ మా బంధువుల్లోని పోలీసువాళ్లే అంటున్నారు. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. వెళ్లక తప్పదంటే ముందుగా ట్రైనర్ సర్టిఫికెట్ కోర్సు ఏదైనా చేయించాలా? మా ఎమ్మెల్యే గారు బాగా తెలిసినవారు. ఆయనతో చెప్పించి ఆపించమంటారా? – ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, బ్రాంచి వదిలి స్టాఫ్ కాలేజీకి వెళ్తానన్న బ్యాంకు ఉద్యోగి తల్లి, ఆసుపత్రి వదిలి నర్సింగ్ కాలేజీలో చేరతానన్న నర్సు భర్త కూడా నన్ను ఇదే అడిగారు. పని చేసే చోటు నుంచి పాఠం చెప్పే చోటికి వెళ్లారంటే పక్కకు తప్పించినట్టేనని అందరికీ భయం. వాళ్లు అడిగితే సరిపెట్టుకున్నాను. ఉద్యోగమంతా బడిలోనే గడిపిన మీరు కూడా పాఠం చెప్పే పోస్టును లూప్‌లైన్ అంటుంటే మాత్రం కోపం వచ్చింది.

మీ బంధువుల మాట పూర్తిగా అబద్ధం కాదు. పైఅధికారితో పడనివారిని, ఎక్కడా ఇముడ్చుకోలేనివారిని శిక్షణ సంస్థలకు పంపే అలవాటు శాఖలో ఉండేది. పోలీసు శిక్షణపై కేంద్రం 1971లో వేసిన గోరే కమిటీ కూడా శిక్షకుల ఎంపికను పట్టించుకోవాల్సి వచ్చింది. అయితే పంపితే వెళ్లడం వేరు, అడిగి వెళ్లడం వేరు. మీ అమ్మాయి అడిగి వెళ్తోంది. డిప్యుటేషన్ మీద వెళ్లినంత మాత్రాన సీనియారిటీ పోదు. పోయేదల్లా జీపు, స్టేషన్ ముందు బోర్డు మీద పేరు, పండగ బందోబస్తులో ఊరంతా పెట్టే నమస్కారాలు. మీ బెంగ వీటి గురించేనేమో ఒకసారి ఆలోచించండి.

అక్కడ ఆమె చేసే పని ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాను. దొంగ దగ్గర గొలుసు దొరికిందనుకుందాం. కొత్త కానిస్టేబులు పంచనామాలో ‘బంగారు గొలుసు’ అని రాస్తాడు. అనుభవమున్న అధికారి ఆ మాట కొట్టేసి ‘పసుపు రంగు లోహపు గొలుసు’ అని రాయిస్తారు. రేపు అది గిల్టుదని తేలితే, ‘మీరు స్వాధీనం చేసుకున్న బంగారం ఏమైంది?’ అని కోర్టులో నిలదీస్తారు. అలాగే గోడ మీద ఉన్నది రక్తమని ల్యాబు తేల్చేదాకా పంచనామాలో అవి ‘రక్తం లాంటి మరకలు’ మాత్రమే. ఇలాంటివి పుస్తకంలో చదివి నేర్పేవారికీ, సాక్షి బోనులో నిలబడి డిఫెన్సు లాయరు ప్రశ్నలకు చెమటలు పట్టించుకుని నేర్చుకున్నవారికీ చాలా తేడా ఉంటుంది.

పైగా 2024 జులై 1 నుంచి చట్టాలే మారిపోయాయి. ఎఫ్ఐఆర్ అంటే తరతరాలుగా నోటికొచ్చిన పాత సీఆర్‌పీసీ 154వ సెక్షన్ పోయి, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 173 వచ్చింది. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. అంతకుముందే స్టేషన్ వదిలిన శిక్షకులు ఇవన్నీ చదువుకుని చెప్పాల్సిందే. మీ అమ్మాయి చేసి చూసింది కాబట్టి ఆమె పాఠానికి విలువ ఎక్కువ.

ఇక సర్టిఫికెట్ సంగతి. హోటల్ హాల్లో రెండు రోజులు కూర్చోబెట్టి ‘మాస్టర్ ట్రైనర్’ అని పట్టా చేతిలో పెట్టే కోర్సులకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. ఉద్యోగంలో కాస్త విసుగు పుట్టినవారంతా వాటి గురించే అడుగుతున్నారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. వేదిక మీద ఎలా నడవాలో, చప్పట్లు ఎలా కొట్టించుకోవాలో నేర్పుతారు. మీ అమ్మాయి ఎదుట కూర్చునేది తెల్లవారకముందే లేచి, పరేడ్ మైదానంలో డ్రిల్లు నేర్పే ఉస్తాద్ చేతిలో నలిగి, టిఫిన్ తిని నేరుగా క్లాసుకు వచ్చిన కుర్రాళ్లు. లైట్లు ఆర్పి స్లైడు వేస్తే సగం మంది కునుకు తీస్తారు. వాళ్లకు పని చెప్పాలి. ఒకరు ఏడుస్తూ వచ్చిన ఫిర్యాదుదారులా మాట్లాడాలి, మిగతావారు ఎఫ్ఐఆర్ రాయాలి, తర్వాత కాగితాలు మార్చుకుని ఒకరి తప్పులు ఒకరు వెతకాలి. ఈ పద్ధతులు నేర్పడానికి శాఖలోనే టీవోటీ అనే శిక్షకుల శిక్షణ ఉంది. హైదరాబాద్‌ రామంతాపూర్‌లో కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ, హిమాయత్‌సాగర్ దగ్గర రాష్ట్ర పోలీసు అకాడమీ ఉండగా హోటల్ హాలుకు ఫీజు కట్టడం దేనికి? ఆ పట్టా పట్టుకుని తర్వాత రాజీనామా చేసి వక్తగా స్థిరపడవచ్చనే ఆశ కూడా చాలామందిలో ఉంటుంది. నిలదొక్కుకున్న కొద్దిమంది వీడియోలే మనకు కనిపిస్తాయి, మిగతావారు కనిపించరు.

పోలిక అడిగారు కాబట్టి, స్టేషన్ వైపు కూడా ఒక మాట. కొత్తవాళ్లు కాలేజీలో ఎంత నేర్చుకున్నా, స్టేషన్‌లో చేరిన రోజే ‘అక్కడ నేర్చుకున్నది మర్చిపో’ అనే సీనియరు ఎదురవుతాడు. అమెరికాలోని శాన్ హోసేలో ఒక కొత్త పోలీసు నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి ప్రాణం తీశాక, 1972లో ప్రత్యేకంగా శిక్షణ పొందిన సీనియర్ల వెంట కొత్తవారిని పంపి, ఏ రోజుకారోజు వారి పనికి మార్కులు వేసే పద్ధతి మొదలుపెట్టారు. మన దగ్గర ఆ పని తీరిక దొరికిన హెడ్ కానిస్టేబులుదో, స్టేషన్ రైటరుదో అవుతుంది. మీ అమ్మాయి స్టేషన్‌లోనే ఉన్నా చేయగలిగిన గురుత్వం ఇది. కాలేజీలో కొన్నేళ్లు పాఠం చెప్పి తిరిగొస్తే ఇంకా బాగా చేస్తుంది. ఆమె ఎక్కడున్నా నష్టపోదు మాస్టారూ, నిశ్చింతగా ఉండండి.

నాకున్న భయం ఒక్కటే. క్యాంపస్‌కు అలవాటుపడి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతే చెప్పే కేసులు పాతబడతాయి. మూడేళ్లు మించకుండా చూసుకోమనండి. తెల్లవారుజాము నుంచి రాత్రి రోల్ కాల్ దాకా సాగే రోజు కాబట్టి విశ్రాంతి దొరుకుతుందని కూడా అనుకోవద్దు.

ఎమ్మెల్యే గారి దగ్గరకు మాత్రం వెళ్లకండి. పిల్ల తనంతట తాను అడిగిన పోస్టును తండ్రి సిఫారసుతో ఆపించారంటే జిల్లా అంతా తెలుస్తుంది. ఆ మచ్చ లూప్‌లైన్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. సమ్మతి లేఖ ఇచ్చేముందు ఆమె అడగాల్సినవి అడగనివ్వండి: ఇచ్చేది ఇండోర్ (తరగతి గది) సబ్జెక్టా, అవుట్‌డోరా (మైదానంలో శిక్షణా)? టీవోటీకి ఎప్పుడు పంపుతారు? క్వార్టర్ ఉందా? ట్రైనింగ్ అలవెన్సు ఎంత? గడువు ఉత్తర్వులో రాస్తారా? ఆఖరిదానికి నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలి.