స్పెయిన్ చిత్రకారుడు డాలీ వేసిన బొమ్మల్లో నేల, ఆకాశం కలలో చూసినట్టు ఎందుకుంటాయి?

అవన్నీ పూర్తిగా ఊహలోంచి పుట్టాయని చాలామంది అనుకుంటారు. సాల్వడార్ డాలీ విషయంలో అది నిజం కాదు. 1931లో ఆయన వేసిన ‘ది పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ’నే తీసుకోండి, అదే కరిగి జారుతున్న గడియారాల బొమ్మ. వెనకాల ఎండ పడి బంగారు రంగులో మెరిసే కొండరాళ్లు స్పెయిన్‌లోని కాటలోనియా తీరంలో, కాప్ ద క్రెయుస్ దగ్గర నిజంగానే ఉన్నాయి. ఆయన చిన్నప్పటి నుంచీ ఎరిగిన చోటు అది.

అసలు కిటుకు వేసిన పద్ధతిలో ఉంది. కొండల్ని, ముసురుకున్న చీమల్ని, గడియారం మీద వాలిన ఈగని నీడతో సహా ఫొటో తీసినంత స్పష్టంగా గీశాడు. వెలుతురూ నీడలూ నమ్మేలా ఉన్నాయి కాబట్టి, గడియారం మెత్తబడి వేలాడినా కన్ను ఒప్పేసుకుంటుంది. కలలోనూ అంతే కదా, జరగనిది జరుగుతున్నా మనకు అనుమానం రాదు. ఇంతా చేసి ఆ బొమ్మ సుమారు 24 × 33 సెంటీమీటర్లే! ప్రస్తుతం న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

ఇలాంటి కలల బొమ్మలే వేసిన మరో చిత్రకారుడు ఈవ్ టాంగీ దారి వేరు. నేల ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియనివ్వడు. సముద్రం అడుగులాంటి ఆ మైదానంలో పేరు పెట్టలేని ఆకారాలు, వాటికి పదునైన నీడలు. నాకైతే డాలీ కంటే ఇవే ఎక్కువ కలలా అనిపిస్తాయి.

ఈ ఇద్దరికీ ముందే, 1910లలో, ఖాళీ కూడళ్లూ పొడవాటి నీడలూ వేసినవాడు జార్జో ద కిరికో. 1923లో పారిస్‌లో బస్సులోంచి ఆయన బొమ్మ ఒకటి చూశాకే టాంగీ చిత్రకారుడవ్వాలని నిర్ణయించుకున్నాడు.