అమ్మగారి పాస్ అమ్మగారి చేతిలోనే ఉండాలి

ప్రశ్న: పిన్నిగారూ, మేం ఫీనిక్స్‌లో ఉంటాం. అమ్మకు 64, నాన్నకు 69. ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. వేసవిలో పిల్లలతో సహా గ్రాండ్ కేన్యన్ వెళ్లి రెండు రాత్రులు టెంట్‌లో ఉందామని మా ఆలోచన. అమెరికా జాతీయ పార్కుల్లోకి వెళ్లడానికి పెద్ద వయసువాళ్లకు ఇచ్చే సీనియర్ పాస్ ఉంటే క్యాంపింగ్ సగం ధరకే వస్తుందట. ఇద్దరికీ తీసుకోవాలా? ఏడాది పాసా, జీవితకాలపు పాసా? అమ్మేమో "నా వల్ల మీకు టెన్షన్, మీరు వెళ్లిరండి, నేను ఇంట్లో ఉంటా" అంటోంది.

జవాబు: బాబూ, ముందు అమ్మగారి సంగతి చెప్తాను. నేనూ రెండేళ్లు అచ్చం అదే మాట అన్నాను. ఒకసారి మావాడు బలవంతంగా బండెక్కించి, గ్రాండ్ కేన్యన్ దక్షిణ గేటు దగ్గర వెనక్కి తిరిగి "అమ్మా, నీ గ్రీన్‌కార్డు ఇవ్వు" అన్నాడు. రేంజర్ అమ్మాయి పుట్టిన తేదీ చూసింది, 80 డాలర్లు తీసుకుంది. కార్డును మావాడికి ఇవ్వకుండా కిటికీలోంచి చెయ్యి చాపి నాకే ఇచ్చి, వెనకవైపు సంతకం పెట్టమంది. నున్నటి ప్లాస్టిక్ మీద బాల్‌పెన్ జారిపోయింది. మొదటి అక్షరం రెండుసార్లు దిద్దితే గానీ సిరా అంటలేదు. గ్రీన్‌కార్డు మీద ఉన్నట్టే తెలుగులో పెట్టాను. ఆ రోజు మా బండిలో అయిదుగురం నా పాస్ మీద లోపలికి వెళ్లాం. ఆ తర్వాత "నేను ఇంట్లో ఉంటా" అనే మాట నా నోట రాలేదు. అందుకే చెప్తున్నాను, పాస్ మీ అమ్మగారి పేరు మీదే తీసుకోండి.

62 నిండిన అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఈ పాస్ ఇస్తారు. జీవితకాలానికి 80 డాలర్లు, ఏడాదికైతే 20. ఏడాది పాసులు నాలుగు కొన్నాక వాటిని ఇచ్చి జీవితకాలపు పాస్ తీసుకోవచ్చు కాబట్టి ఎటు మొదలుపెట్టినా డబ్బు వృథా కాదు. 2017 ఆగస్టు దాకా జీవితకాలపు పాస్ 10 డాలర్లే ఉండేది. అప్పట్లో తీసుకున్నవాళ్ల పాసులు ఇప్పటికీ చెల్లుతాయి. మీ అమ్మగారి వయసుకు నేనైతే జీవితకాలపు పాసే తీసుకుంటాను. అందరూ ఒకే బండిలో వెళ్తుంటే ఒక్క పాస్ చాలు. నాన్నగారు విడిగా కూడా తిరుగుతారంటే ఆయనకొకటి తీసుకోండి.

గ్రాండ్ కేన్యన్ వరకు ఆగకుండా ముందే ఒక ఆదివారం మాంటెజుమా కాసిల్‌కి వెళ్లండి. ఫీనిక్స్ నుంచి గంటన్నర దారి. కొండచరియలో సినాగువా జాతివాళ్లు కట్టుకున్న అయిదంతస్తుల ఇల్లు అది. కింద నుంచి చూసే దారి చిన్నది, చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నా నడవచ్చు. అక్కడ బండికి కాకుండా మనిషికి 10 డాలర్లు తీసుకుంటారు, పదహారేళ్ల లోపు పిల్లలకు ఏమీ లేదు. ఇలా మనిషి లెక్కన తీసుకునే చోట పాస్ ఉన్నవాళ్లతో పాటు మరో ముగ్గురు పెద్దవాళ్లు వెళ్లొచ్చు. మీరిద్దరూ, అమ్మానాన్నలూ కలిపి నలుగురు పెద్దలు కాబట్టి మొదటి రోజే 40 డాలర్లు మిగిలాయి. గ్రాండ్ కేన్యన్‌లో బండికి 35. మిగతా లెక్క మీరే వేసుకోండి. పాస్ మాంటెజుమా కౌంటర్లోనే నేరుగా కొనుక్కుంటే ఆన్‌లైన్‌లో అదనంగా వేసే ప్రాసెసింగ్ ఫీజు ఉండదు. గ్రీన్‌కార్డు మాత్రం మరవద్దు. చాలా పార్కుల్లో ఇప్పుడు నగదు తీసుకోవడం లేదు, బ్యాంకు కార్డు పెట్టుకోండి.

ముందే కొనమనడానికి ఇంకో కారణం ఉంది. గ్రాండ్ కేన్యన్ దక్షిణ అంచున ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌ను రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్లో ఆరు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. వేసవి తేదీలు చాలా త్వరగా అయిపోతాయి. బుక్ చేసేటప్పుడే పాస్ నంబరు వేస్తే 30 డాలర్ల సైటు, అంటే టెంట్ వేసుకునే చోటు, 15కి వస్తుంది. సగం ధర ఒక్క సైటుకే, అదీ పాస్ ఉన్న మనిషి ఆ సైట్‌లో ఉంటేనే. గ్రూప్ సైట్లకు, బండికి కరెంటు, నీళ్లు ఇచ్చే హుకప్పులకు మామూలుగా తగ్గింపు ఉండదు.

ఈ నియమం తెలియక మేం ఒకసారి ఇబ్బంది పడ్డాం. మావాడు నా నంబరుతో ఒకచోట సైటు బుక్ చేశాడు. బయల్దేరే రోజు నాకు కాలు వాచింది. వాళ్లు నన్ను వదిలి వెళ్లారు. అక్కడ పాస్ చూపించమన్నారు, నేను లేను. మిగతా సగం కట్టించుకున్నారు. అది న్యాయమే. ఆ తగ్గింపు ఇచ్చిందే ముసలివాళ్లను ఇంట్లోంచి బయటికి తీసుకురావడానికి.

ఇక అమ్మగారి భయం రాత్రి గురించే అయి ఉంటుంది. నడుము వంచి నేలమీద పడుకోలేక, చీకట్లో బాత్రూమ్‌కి పోలేక. ఎత్తయిన మడత మంచం ఒకటి కొనండి. మ్యాప్ చూసి బాత్రూమ్‌కి దగ్గరి సైటే ఎంచుకోండి. మేథర్‌లో ఫ్లష్ ఉన్న బాత్రూమ్‌లు ఉన్నాయని ముందే ఆవిడకు చెప్పండి, సగం భయం పోతుంది. ఆ అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఫీనిక్స్ ఎండ చూసి పల్చటి దుప్పటి తీసుకెళితే తెల్లవారుజామున వణుకుతారు. స్వెట్టరు, కాళ్లకు మేజోళ్లు, చెవులకు మఫ్లరు ఉండాలి. పగలు ఉచిత షటిల్ బస్సు ఎక్కించండి, నడక లేకుండా అంచు వెంబడి చూడొచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 71, విజిటర్ వీసా మీద వచ్చారు. ఆయనకు సీనియర్ పాస్ వస్తుందా?

జవాబు: రాదమ్మా. వయసు ఎంతున్నా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాల్సిందే. పైగా 2026 జనవరి 1 నుంచి విదేశాల నుంచి వచ్చేవాళ్ల ఏడాది పాస్ 250 డాలర్లు అయింది. గ్రాండ్ కేన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ వంటి 11 పార్కుల్లో ఆ పాస్ లేకపోతే మనిషికి 100 అదనం. ఈ ఖర్చు చూస్తే నాకు చాలా బాధగా ఉంది. ఉన్న ఆరు నెలల్లో తండ్రికి అన్నీ చూపించాలని మీకు ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు. అసలు ప్రవేశ రుసుమే లేని పార్కులున్నాయి. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్, ఒహాయోలో కయహోగా వ్యాలీ, వెస్ట్ వర్జీనియాలో న్యూ రివర్ గార్జ్. అక్కడికి తీసుకెళ్లండి. రెడ్‌వుడ్ చెట్టు మొదట్లో నిలబెట్టి తల ఎత్తి చూడమనండి.

ప్రశ్న: స్మోకీ మౌంటెన్స్‌లో మా సీనియర్ పాస్ చూపించినా పార్కింగ్‌కి డబ్బు కట్టమన్నారు. మోసమా?

జవాబు: కాదండీ. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో ప్రవేశానికి డబ్బు తీసుకోరు. 2023 మార్చి నుంచి పావుగంటకు మించి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొని బండికి పెట్టుకోవాలనే నియమం పెట్టారు. రోజుకు 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. సీనియర్ పాస్ ఆ ట్యాగ్‌కి బదులు పనికిరాదు. అక్కడి క్యాంప్‌గ్రౌండ్లలో మాత్రం మీ సగం ధర మీకు ఉంటుంది, అడిగి తీసుకోండి.